సరోజ చేత దింపించిన ఆరు కిలోలు

సైన్యంలో సుబేదారుగా రిటైరై, జనక్‌పురిలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతున్న భీమారావు అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా స్వార్జితం గురించి రాయించిన వీలునామా ఇది. గుండె సంగతి డాక్టర్లు చూసుకుంటారు, బుర్ర మాత్రం బాగానే పనిచేస్తోంది. ఇంతకు ముందు రాసినవి చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత నా మేనల్లుడు హేమసుందర్‌ది.

1. పై అంతస్తు ఇల్లు, బ్యాంకులో ఉన్నదీ నా భార్య కల్పనకు. ఆమె తదనంతరం మా అమ్మాయి ప్రత్యూషకు.

2. మా ఆటను మూటలు మోసే పని అని జీవితమంతా వెక్కిరించిన బావమరిది అజయ్‌కు బార్‌కు తగిలించే ఇరవై కిలోల ప్లేటు ఒకటి. ఇందిరాపురంలో తన ఇంటి దాకా తానే మోసుకుపోవాలి.

3. కింది అంతస్తు హాలు, అందులోని సామానంతా, నా అసిస్టెంటు సరోజకు సర్వహక్కులతో ఇస్తున్నాను. "డాడీ, బేచ్ దో, అమ్మేస్తే కార్ల పార్కింగ్ అవుతుంది" అనే ప్రత్యూషకు ఇందులో వాటా లేదు. కారణం ఇద్దరికీ తెలియాలి.

మా ఆటకు టికెట్టు కొని వచ్చేవాళ్ళు లేరు, వేలంలో ఆటగాళ్ళను కొనే జట్లూ లేవు. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, కాలేజీకి పతకం, దాంతో సర్కారీ నౌకరీ. మా పిల్లల కూడు ఆ దారినే వస్తుంది. మా పిల్లలిద్దరూ కాలేజీలో చేరాల్సిన ఏడు కాలేజీవాళ్ళు ఒక్కో ఒంటి బరువు విభాగానికి ఒక్కటే సీటన్నారు. నా దగ్గరే నేర్చుకున్న సరోజ, ప్రత్యూష ఇద్దరూ యాభై అయిదు కిలోలవాళ్ళే. సరోజ ఎక్కువ ఎత్తేది. నలభై తొమ్మిదిలో అయితే సీటు ఖాయమని నమ్మించి దాని చేత ఒంటి బరువు ఆరు కిలోలు దింపించాను. ట్రయల్స్ రోజున చెమటతో ఇంకాస్త తగ్గాలని రెండు జాకెట్లు తొడిగించి బయట ఎండలో కూర్చోబెట్టాను. నీళ్ళు అడిగింది. తూకం అయ్యాక అన్నాను. తూకంలో సరిపోయింది, బార్ ఎత్తబోతే కాళ్ళు నిలవలేదు, సీటు పోయింది. నీకు ధైర్యం చాలదమ్మా అన్నాను. సిగ్గులేని మాట. యాభై అయిదులో సీటు నా కూతురికి దక్కాలని ఆ పిల్లను నేనే పిండేశాను.

ప్రత్యూష ఇప్పుడు సాకేత్‌లో సర్కారీ ఆఫీసరు. తనకు ఇదేమీ తెలియదు, తన మీద ఎవరూ కోపపడొద్దు. సరోజ మాత్రం కొత్తగా చేరే పిల్లలకు ఇప్పటికీ, "మాస్టారి మాట వినండి, నేను సరిగ్గా విననందుకే ఇలా ఉండిపోయాను" అని చెబుతుంది. పక్కనే నిలబడి వింటాను. బతికుండగా చెప్పలేని పిరికివాణ్ణి.

4. తూకం మెషీను ఎవరికీ ఇవ్వను. పాత ఇనుము కొనే కబాడీవాలాకు వేసెయ్యండి.

5. అమ్మా సరోజా, హాలు నడుపుకో, అమ్ముకో, నా ఫొటో తీసి పారెయ్యి. క్షమించమని అడగను. పిల్లలకు ఆ మాట మాత్రం ఇంక చెప్పకు.

సాక్షి సంతకం నేను పెడతాను మాస్టారూ అంటూ పొద్దున్నే సరోజ పెన్ను పట్టుకొచ్చింది. ఆస్తి అందుకునేవాళ్ళు సాక్షులైతే రేపు ఆ ఆస్తి మీద కోర్టులో పేచీ వస్తుందని వకీలు చెప్పాడు. కారణం చెప్పకుండా తలుపు బయట కూర్చోబెట్టాను. ఆ రోజులాగే ఎందుకని అడగకుండా కూర్చుంది. ఈసారి మంచినీళ్ళ సీసా చేతికిచ్చి లోపలికి వచ్చాను.

జనక్‌పురి, కొత్త ఢిల్లీ
16 నవంబరు 2025

(సంతకం) భీమారావు

సాక్షులు:
రామమోహనరావు, రిటైర్డ్ సెక్షన్ ఆఫీసరు, పక్కిల్లు
అరుంధతి, టీచరు, ఎదురిల్లు