అక్క పుస్తకం, నా గొంతు

ప్రియమైన అక్కా,

ముందు తిట్టనని మాటివ్వు. మా గ్రంథాలయంలో చూపులేని వాళ్ల కోసం నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తానని తెలుసుగా. వాళ్లలో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఒకాయన వారం వారం వచ్చి నీ పుస్తకమే అడుగుతున్నాడు. బావ పోయాక నువ్వు మళ్లీ అచ్చు వేయనివ్వలేదు, బజార్లో దొరకదు. ఆగలేక నా దగ్గరున్న ప్రతిలోంచి నాలుగు అధ్యాయాలు చదివేశాను. మిగతావీ చదవనా? ఇంతకీ నీ పోయిన ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయేంటి?

నీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

పెన్ను పాడైంది, అంతే. కోడి కెలికినట్టు రాసేది నువ్వు. ఈసారి కాస్త పెద్దక్షరాలతో రాయి.

చదవొద్దు. అందులో ప్రతి పేజీ రాసిన రోజే మీ బావకి చదివి వినిపించాను. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వినేవారు. ఇప్పుడా కుర్చీ మీద ఉతికిన బట్టలు పడేస్తున్నాను. ఆ మాటలు ఇంకొకరి గొంతులోకి వెళ్లిపోతే నాకు మిగిలిన కాస్తా పోతుంది. రాసింది నేను, హక్కు నాది.

మీ అక్క

ప్రియమైన అక్కా,

చదవడం ఆపేశాను. కానీ నీ దగ్గర దాచడం నాకు చేతకాదు. అచ్చు చదవలేని వాళ్ల కోసమైతే నీ అనుమతి లేకుండానే చదివివ్వొచ్చట. మా లైబ్రేరియన్ చట్టం తీసి చూపించింది. రాసినవాళ్ల హక్కు రాసినవాళ్లదే, దాంతో చూపులేని వాళ్లని గుమ్మం బయట నిలబెట్టకూడదు అంది. చట్టం ఒప్పుకున్నా, నువ్వు వద్దన్నాక నాకు నోరు పెగలడం లేదు.

ఆయన నిన్న కూడా వచ్చాడు. ఇంకా కాలేదన్నాను. "ఫర్వాలేదమ్మా, సాయంత్రాలు నాకు వేరే పనేముంది" అని వెళ్లిపోయాడు.

నీ వాగుడుకాయ

ప్రియమైన వాగుడుకాయకి,

నాలుగు నెలలు జవాబివ్వలేదు. ఇది కింద వాటాలో ఉండే నర్సమ్మ చేత రాయిస్తున్నాను. పెన్ను పాడవలేదు. అప్పటికే సగం చూపు పోయింది, ఇప్పుడు మొత్తం పోయింది. చెబితే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తావని దాచాను.

మొన్న కుర్చీ మీద బట్టలు తీసేసి, ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పేజీలన్నీ తడిమాను. నేను రాసిందే, ఒక్క అక్షరం అందలేదు. నర్సమ్మ పనికి పోయింది, ఇంట్లో చదివి పెట్టే దిక్కు లేదు. బాగా ఏడ్చాను. ఇన్నాళ్లూ హక్కు హక్కని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నదాన్ని, ఇప్పుడు నీ టెలిఫోన్ ఆయన వెనకాల నిలబడ్డాను.

మిగతా అధ్యాయాలు చదివెయ్యి. అనుమతి ఇస్తున్నాననుకోకు, అడుక్కుంటున్నాను. మొదటి ప్రతి ఆయనకివ్వు, నాకంటే ముందొచ్చాడు. రెండోది నాకు పంపు. నీ అలవాటు ప్రకారం గబగబా చదివేయకు. మీ బావకి నేనెప్పుడూ మెల్లగానే చదివేదాన్ని.

మీ అక్క