సుంకప్ప ఎత్తు బెల్లం

కర్నూలు

మైదుకూరు పక్క పల్లెలో ఉండే మా అక్క కృష్ణవేణమ్మకు తమ్ముడు సుంకప్ప దండాలు పెట్టి రాయడమేమంటే, ఈడ అందరమూ క్షేమం, నా పిత్తాశయం ఒక్కటి తప్ప.

ఫోనుండంగా ఈ కాగితమేందబ్బా అనుకుంటావేమో. ఫోన్లో మాట్లాడితే నీ మరదలు ఓబుళమ్మ స్పీకరు పెట్టి వీధికంతా వినిపిస్తాది. ఈ సంగతి మనిద్దరి మధ్యనే ఉండాల.

పోయిన అమావాస్యనాడు ఉగ్గాని, బజ్జీలు తిన్నాక కుడి డొక్కలో నొప్పి పట్టుకునింది. గ్యాసనుకొని సోడా తాగితి. నొప్పి ఆ సోడా కూడా తాగి కూర్చునింది. డాక్టరమ్మ షాహీనా స్కానింగు తీసి, పిత్తాశయం నిండా రాళ్ళుండాయని చెప్పె. బేతంచెర్లలో నాపరాళ్ళు లారీలకెత్తేది చూసినా గానీ, గనిని కడుపులో పెట్టుకొని తిరిగేటోణ్ణి నన్నే చూడడం.

ఆమె అంతటితో ఆపలే. నన్ను కాటా ఎక్కించె. నూట ముప్పై ఆరు కిలోలు! మార్కెట్ యార్డులో నలభై ఏండ్లు శెనక్కాయల బస్తాలు తూచినోణ్ణి గదా, ఆ అంకె చూసి ఈ సరుకు ఎవరిదబ్బా అనుకుంటి. "సుంకప్పగారూ, మీ షుగరుకు, మోకాళ్ళకు, నిద్దర్లో మీ ఊపిరి ఆగి ఆగి వచ్చేదానికి ఈ బరువే మూలం. పిత్తాశయం ఎట్లయినా తీయాల్సిందే. అదే మత్తులో పొట్టను కూడా కోసి సన్నగా అరటికాయంత చేస్తా. మత్తు ఇంకొంచెంసేపు ఉండాల, భయం కూడా ఇంకొంచెం ఎక్కువే. వద్దంటే ఇప్పటికి రాళ్ళ సంచి ఒక్కటే తీస్తా. ఇంట్లో ఆలోచించి చెప్పండి" అనె.

నాకు ఒకటే ఆశక్కా. ఆరేండ్లుగా నా కాలిగోళ్ళు నీ మరదలే తీస్తాండాది. నా కాళ్ళు నాకు కనపడాల. ఒకటా, రెండూనా? నువ్వే చెప్పు.

ఇట్లు
నీ తమ్ముడు సుంకప్ప

తా.క.: చదివినాక ఈ కాగితం చించెయ్.


మైదుకూరు దగ్గర, మన పల్లె

చిరంజీవి తమ్ముడు సుంకప్పకు అక్క కృష్ణవేణమ్మ నూరేండ్లు బతకమని దీవించి రాయునది.

ఒరే, పొట్ట తీసేస్తే కూడు యాడికి పోతాదిరా? కాళ్ళలోకి దిగతాదా? పిత్తాశయమంటే సరే, అదొకటుండాదని నొప్పి వచ్చేదాకా నీకే తెలీదు, పోతే పోనీ. పొట్ట అట్లా గాదే! దాన్ని అరటికాయంత చేస్తుందంట. ఆ డాక్టరమ్మకు మన నాయన సంగటి తినేది ఎవరన్నా చెప్పినారా?

కొండపిండాకు పంపిస్తాండా, కషాయం కాచుకొని తాగు. అది మూత్రంలో రాళ్ళకే పనిచేస్తాదని ఈడ మందులంగడాయన అన్నాడు. రాయి రాయే గదా, యాడుండేది ఆకుకేం తెలుసు?

ఇంగొకటి. నీ కాగితం చదివిన పూటే చౌడమ్మ గుడికి పోయి మొక్కుకుంటి. నా తమ్ముని ఆపరేషను బాగా జరిగి, వాడు లేచి తిరిగినాక, గుడిముందర తక్కెట్లో కూర్చోబెట్టి వాని ఎత్తు బెల్లం తూగించి ఊరికంతా పంచుతానని. గుడిపెద్ద ఈరన్న "ఎంత బరువుంటాడుక్కా?" అని అడిగె. చెప్తి. ఆయప్ప మొగం పున్నమి చంద్రుడాయె.

ఇట్లు
మీ అక్క

తా.క.: చించెయ్యమన్నావని చించేసినా. అయితే మెల్లగా చదివేది నాకు చేతగాదు గదా. అరుగు మీద కూర్చొని చదివితి.


కర్నూలు

అక్క కృష్ణవేణమ్మకు, దండాలు పెట్టాల్నో తిట్టాల్నో తెలీక తమ్ముడు రాయునది.

ఏం మొక్కు మొక్కితివక్కా! రెండు ఆపరేషన్లూ చేయించుకుంటే ఏడాదికి బరువులో మూడోవంతు పోతాదంట. నేను లేచి తిరిగి, బస్సెక్కి, మీ గుడికాడికొచ్చి కూర్చునేటప్పటికి తక్కెట్లో ఉండేది పాత సుంకప్ప కాదు. అమ్మకు రావాల్సిన బెల్లంలో మూడోవంతు నేను నడిమధ్యన మింగినట్లు గదా?

యార్డులో ఒక సేటు ఉండె. బస్తా తూచేటప్పుడల్లా కాటా మీద ఒక కాలు మోపి నిలబడతాండె. "కాలు తీయి సేటూ" అంటే "మోపలేదప్పా, ఆనించినా అంతే" అంటాడు. మోపినా, ఆనించినా కాటాకు ఒకటే. ఆ కాలు కిందికి దించినాకే తూచినా. ఆ సేటు పోయి పదేండ్లాయె, ఆయప్ప చెప్పులు ఇంగా నా కండ్ల ముందరే ఉండాయి. మనుషుల దగ్గరే తూకం తప్పనోణ్ణి, చౌడమ్మ దగ్గర తప్పుతానా?

అందుకే డాక్టరమ్మతో "రాళ్ళ సంచి ఒక్కటే తీయమ్మా" అంటి. ఎందుకనె. "బెల్లం" అంటి. "మీకు షుగరుండాది, బెల్లం తినగూడదు" అనె. "తినేది గాదమ్మా, నాకు ఎదురుగా కూర్చునే బెల్లం" అంటి. ఆమె ఇంగో డాక్టరుకు చీటీ రాసిచ్చె. బయటికొచ్చి కనుక్కుంటే ఆయన తలకాయ డాక్టరంట.

నీ మరదలు రెండు రోజులుగా మాట్లాడదు. మజ్జిగ గూడా ఠంగుమని పెడతాది.

ఇట్లు
తూకం తప్పని నీ తమ్ముడు

తా.క.: కొండపిండాకు అందింది. ఆరబెడితే పక్కింటి మేక తినింది. దానికి ఇప్పుడు ఏ రాళ్ళూ లేవు.


మన పల్లె

చిరంజీవి సుంకప్పకు అక్క దీవించి, నెత్తిన మొట్టి రాయునది.

ఊరు రెండు పార్టీలాయెరా! "సుంకప్ప బెల్లం ఎగ్గొట్టేదానికే పొట్ట కోపిచ్చుకోవాలని చూసె. దొరికిపోతాననుకొని ఇప్పుడు వద్దంటాండాడు" అని ఈరన్న పార్టీ. "మేన్లో కోత పెట్టించుకొని బెల్లం మిగిలించుకునే పిసినారి యాడన్నా ఉంటాడా?" అని మన పార్టీ. మన పార్టీ అంటే నేనూ, పూజారీ. పూజారి గూడా ఆ మాట మెల్లగా అన్నాడు.

నిన్న ఈరన్న పెండ్లాము వచ్చి "నిద్దర్లో ఊపిరి ఆగి ఆగి వస్తాదని చదివితివే, అదేందక్కా?" అని అడిగె. ఆ ముక్క నేను చదివినానే గానీ నా చెవికెక్కలేదు. బెల్లం మాటల్లో పడిపోతి. రాత్రి బువ్వ దిగలేదు నాయనా. రెండూ చేయించుకో. నీ పొట్ట అరటికాయంత అయినా, బెండకాయంత అయినా నువ్వు ఉంటే చాలు.

మొక్కు ముందే తీర్చేస్తే పోలేదా అంటావేమో. పని కాకముందే తూగిస్తే అమ్మకు అడ్వాన్సు ఇచ్చినట్లుంటాది, అది మర్యాద గాదు. అందుకని ఈరన్నను ఒప్పిస్తి. ఆపరేషను నాడు ఆస్పత్రి కాటా మీద నువ్వు ఎంతుంటే అంత బెల్లం, ఎప్పుడు తూగించినా సరే. ఆ కాగితం పంపు. అయితే ఊరికంతా నూట ముప్పై ఆరని చెప్పేసినా. ఒక్క కిలో తగ్గినా నేను తలెత్తుకోలేను.

ఇట్లు
నీ మేలు కోరే అక్క

తా.క.: ఈసారి ఇంట్లో తలుపేసుకొని చదివినా. కిటికీ తెరిచుందని తర్వాత తెలిసె.


కర్నూలు

అక్కకు తమ్ముడు ఆకలితో రాయునది.

నీ మరదలి పోరు పడలేక రెండిటికీ సరేనంటి, నీ కాగితం వచ్చేటప్పటికే డాక్టరమ్మ తేదీ ఇచ్చేసింది. అయితే కోసేముందు రెండు వారాలు జావ, మజ్జిగ, పెసరకట్టు తప్ప ఏమీ ముట్టగూడదంట. లివరు మీద కొవ్వు కరగాలంట. నువ్వేమో ఒక్క కిలో తగ్గొద్దంటివి. పెసరకట్టు గుటక వేసినప్పుడల్లా చౌడమ్మకు రావాల్సిన బెల్లం నేను మింగినట్లే అనిపించె. ఏం చేద్దును? నీ మరదలు పడుకున్నాక ఓళిగలు తింటి. ఆశకు గాదక్కా, భక్తితోనే తింటి. నెయ్యి మాత్రం ఆశకు.

ఆపరేషనుకు ముందురోజు కాటా ఎక్కించిరి. రెండు కిలోలు పెరిగినా! డాక్టరమ్మ బిత్తరపోయి "జావ తాగి ఎవరూ పెరగరు. ఈ కాటా చెడిపోయినట్లుంది, తీసి అవతల పడేయండి" అని నర్సుతో అనె. నర్సు దాన్ని కాలితో గోడపక్కకు తోసె. అక్కా, నా ప్రాణం విలవిలలాడె. ఏ పాపమూ ఎరగని కాటా! నా కండ్ల ముందర దాన్ని అబద్ధాలకోరు అంటాంటే నోరు మూసుకొని ఉంటానా? "దాన్ననొద్దండమ్మా! అది నిజమే చెప్తాండాది. ఓళిగలు తినింది నేను" అని ఒప్పుకుంటి.

నీ మరదలి చేతిలో ఉండే ఫ్లాస్కు కింద పడె.

డాక్టరమ్మ ఇంటికి పంపేసింది. రెండు వారాలు మళ్ళా మొదటినుంచి. ఇంగోసారి ఇట్ల చేస్తే రాళ్ళ సంచి ఒక్కటే తీసి దండం పెడతా అంటాండాది. జావ తాగితే అమ్మకు అన్యాయం, తాగకుంటే నా ఊపిరికి అన్యాయం. మొక్కింది నువ్వు, తేల్చేది గూడా నువ్వే.

ఇట్లు
అటూ ఇటూ గాని నీ తమ్ముడు

తా.క.: రాత్రి మళ్ళా నొప్పి వచ్చింది. జల్దీగా రాయి.


మన పల్లె

చిరంజీవి సుంకప్పకు అక్క దీవెనలు. జావ తాగు. గ్లాసు చేతిలో పట్టుకొని మిగతాది చదువు.

పొద్దున తలస్నానం చేసి చౌడమ్మకు రెండు పక్కలా పూలు పెట్టి అడిగితి. "అమ్మా, మొక్కు మార్చుకుంటా. ఒప్పుకుంటే కుడిపక్క పూవు ఇయ్యి" అని. కుడిపక్కే పడింది. కొత్త మొక్కు ఇది. నీలో ఉండే బరువు గాదు, నీలోంచి ఎంత బరువు పోతాదో అంత బెల్లం.

ఇంగ నువ్వెంత తగ్గితే అమ్మకు అంత లాభం. ఈరన్న పార్టీ కూడా మనపక్కకు వచ్చేసింది. "మొత్తం పోతే ఎంతొస్తాదక్కా?" అని అడిగె. మొత్తం పోతే మనిషే పోతాడు, నోరు మూసుకో అంటి.

ఇట్లు
అక్క

తా.క.: పూవు పడేటప్పుడు గాలి వచ్చిందని ఈరన్న అంటాడు. గాలి మాత్రం ఎవరిది?


కర్నూలు

అక్క కృష్ణవేణమ్మకు, కుర్చీలోంచి ఎవరూ లాగకుండానే లేచి తమ్ముడు పెట్టే దండాలు.

రెండూ ఒకే మత్తులో అయిపోయి ఆరు నెలలాయె. రాళ్ళు డబ్బాలో పోసి చూపించిరి. ఇంత గొడవ చేసినవి కందిబేడలంత గూడా లేవు. సంగటి ఇప్పుడు నాకు నిమ్మకాయంత ముద్ద చాలు. రెండో ముద్దకు పొట్ట గేటేస్తాది. రాత్రి ఊపిరి సక్కగా ఆడతాండాది. నీ మరదలు మాత్రం గురక వినపడక భయపడి, లేపి చూస్తాండాది.

మీ ఈరన్నతో పడలేకుండా ఉండా. వారం వారం ఫోను చేసి "ఇప్పటికెంతప్పా?" అంటాడు. ఒక వారం ఏమీ తగ్గలేదంటే, కర్నూలొచ్చే మనిషితో చెప్పంపినాడు, సాయంత్రంపూట గూడా నడవమని.

మొన్న స్నానం చేసి కిందికి చూస్తే నా కాళ్ళు కనపడినాయక్కా! మొదట ఎవరో ముసలాయన కాళ్ళనుకుంటి. గోళ్ళు నేనే తీసుకుంటి. నీ మరదలు పక్కన నిలబడి, సరిగ్గా తీయలేదని మళ్ళా తీసె.

మొన్నటికి పోయింది ముప్పై ఎనిమిది కిలోలు. ఆస్పత్రి కాటా, నేను సాక్షి. నీ మరదలి చెల్లెలి బిడ్డ పెండ్లి ఉండాది గాబట్టి తులాభారానికి నేను రాలేను. అమ్మకు కావాల్సింది నాలోంచి పోయింది గదా, నేనొచ్చి ఏం చేయాల?

ఇట్లు
మిగిలిన నీ తమ్ముడు

తా.క.: పెండ్లిలో నా ఆకు చూసి వంటాయన ఏడుస్తాడేమో.


మన పల్లె

చిరంజీవి సుంకప్పకు అక్క సంతోషంగా రాయునది.

మంగళవారం తూగిస్తిమి. డప్పులు, ఊరంతా జనం, ఒక పక్క బెల్లం దిమ్మెలు. అప్పుడు ఈరన్న అడిగె. "అక్కా, పోయిన బరువు గదా. ఆ పక్క తక్కెట్లో ఏం పెడతాము?"

డప్పులు ఆగిపాయె. తూకంరాళ్ళు పెడదామని ఒకడనె. రాళ్ళకు తూచితే అది అంగడి, తులాభారం గాదని పూజారి అనె. ఇసుక బస్తా అని ఇంగొకడు. ప్రాణముండేదే కూర్చోవాల, అదీ నీ రక్తమై ఉండాలని పూజారి తెగేసి చెప్పె. అందరూ నా పక్కే చూసిరి.

కూర్చుంటి నాయనా. నా తమ్ముని పోయిన బరువును నేనే అని కొంగు నడుముకు దోపుకొని కూర్చుంటి. తక్కెడ పైకి లేచినాక తెలిసెరా, ఇన్నేండ్లు నువ్వు నా అంత మనిషిని పొట్టకు కట్టుకొని మెట్లెక్కినావని. అప్పుడు గసపోస్తాంటే సోమరిపోతువని తిడితి. ఇంగ తిట్టను.

అయితే ఒకటి జరిగింది. తక్కెడ సరిగ్గా నిలిచేటప్పటికి బెల్లం నలభై ఒక్క కిలోలాయె. నీలోంచి పోయినదానికంటే నేను మూడు కిలోలు ఎక్కువ! తక్కెట్లోకి ఎక్కిన బెల్లం కిందికి తీయగూడదని పూజారి. పంచేసినాము. ఇప్పుడు నువ్వు ఇంగా మూడు కిలోలు తగ్గాల. లేకుంటే తూకం తప్పింది నువ్వవుతావు, చౌడమ్మ గాదు.

ఇట్లు
నీ పోయిన బరువు,
కృష్ణవేణమ్మ

తా.క.: కుదరకుంటే మొగమాటపడకుండా రాయి. ఆ మూడూ నేనే తగ్గి మళ్ళా కూర్చుంటా. ఎంతసేపు, రెండు ఏకాదశుల పని.