మాట్లాడినందుకు జుర్మానా

మకాం: ఎల్లారెడ్డి

బాపుకు,

దండాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందనుకుంటాను. ఫోన్‌లో నీకు సరిగా వినబడదు, వినబడినా ఈ సంగతి ఎత్తితే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదువు.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. కామారెడ్డికి బదిలీ ఇంకా కాలేదు. బడిలో ఏదో గొడవైందట గదా అని రాశావు. అయింది.

తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రంలో పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చాను: ఊరి కమిటీ ఒక ఇంటిని వెలివేయవచ్చా? నా అభిప్రాయం చెప్పలేదు. తప్పన్నవాళ్లను ఒప్పని వాదించమన్నాను, ఒప్పన్నవాళ్లను తప్పని. ముందు ఇంట్లో పెద్దలను అడిగి రమ్మన్నాను. దాంతో ఇద్దరు తండ్రులు బడికొచ్చారు. "పిల్లలకు గివన్ని ఎందుకు మేడం, పుస్తకంల ఉన్నది చెప్పుండ్రి" అని నిలదీశారు. హెడ్‌మాస్టర్ ఆపేయమన్నాడు. నేను ఆపలేదు.

మర్నాడు సాయిశ్రీ లేచింది. ఆ పిల్ల నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. "మేడం, మేమందరం ఇండ్లల్ల అడిగి తిట్లు తిన్నం. మీ ఇంట్ల మీరడిగిన్రా?" అంది. అడుగుతానన్నాను. అందుకే అడుగుతున్నాను బాపూ. మన ఊరి కమిటీకి పెద్దవు నువ్వే. లక్ష్మీనర్సమ్మతో ఎవరూ మాట్లాడొద్దని, మాట్లాడితే జుర్మానా అని చాటింపు వేయించింది నువ్వే. పొలం బాట తగాదాను కమిటీకి చెప్పకుండా ఠాణాకు పోవడం ఆమె తప్పయింది.

నీ వైపు నుంచీ ఆలోచించాను. నీ వల్ల కోర్టుల పాలు కాకుండా నిలబడ్డ ఇండ్లున్నాయి, పిల్లలకూ అది చెప్పాను. అయినా పలకరించే మనిషి లేక ఆమె ఒక్కతే బీడీలు చుట్టుకుంటూ కూర్చోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇక అసలు మాట. పోయిన ఆదివారం ఇంటికొచ్చినప్పుడు, కామారెడ్డిలో బస్సు దొరకక ఆలస్యమైందన్నాను. అబద్ధం. లక్ష్మీనర్సమ్మ ఇంట్లో కూర్చున్నాను. "పో బిడ్డా, మీ బాపు మాట పోతది" అని ఆమే నన్ను బతిమాలింది. నేను పోలేదు. చాయ్ తాగి, చాలాసేపు మాట్లాడి వచ్చాను. ఎవరూ చూడలేదు, నేనే చెప్తున్నాను.

నలుగురిలో నీ తల దించానని ఏడుపొస్తోంది. తప్పు చేశానని మాత్రం అనలేను. కమిటీలో నా పేరు చెప్పు. జుర్మానా నేను కట్టను. కట్టనివాళ్లతోనూ ఎవరూ మాట్లాడొద్దన్నది నువ్వు పెట్టిన కట్టుబాటే. ఉత్తరానికి జవాబు రాసినా మాట్లాడినట్టే కదా.

రాస్తావా బాపూ?

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
ప్రమోద