మూడో వరుసలో నీ సీటు

నాయనా,

మనం ఇరవై ఏళ్లు వదలకుండా విన్న ఆ గాయకుడి కచేరీకి, నువ్వు పోయాక మొదటిసారి, ఈరోజు పెరంబూరు నుంచి ఒక్కదాన్నే వెళ్లాను. మూడో వరుసలో నీ సీట్లోనే కూర్చున్నాను.

పాపం, ఆయనకు బాగా వయసైపోయింది. నీకిష్టమైన తెలుగు కీర్తనలో చరణం మరిచిపోయి, ఎప్పటిలాగే ఇటు చూశారు. అలా చూసినప్పుడల్లా నువ్వు పెదవులు కదిపి మాట అందించేవాడివి.

"నువ్వు గూడా నేర్చుకో పాపా" అని ఎన్నిసార్లు చెప్పావో.

"నువ్వుండావు గదా నాయనా, నాకెందుకు?" అనేదాన్ని.

ఆయన పల్లవే మళ్లీ మళ్లీ పాడుతూ నా ముఖంలోకి చూశారు. నాకు ఆ చరణంలో ఒక్క మాటా రాదు. తల దించుకుని, తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాను.

తాళం మాత్రం తప్పలేదు నాయనా.