రెక్క మీద వేలిముద్ర

ఫిబ్రవరి 4

మామయ్యకి మావారు తెప్పించిన పెట్టె ఈరోజు వచ్చింది. యుద్ధకాలం నాటి ఫైటర్ విమానం, ఒంటి సీటుది. దాన్ని జానెడు బారుకి కుదించి చేసిన ప్లాస్టిక్ కిట్. పెట్టె మీది బొమ్మలో విమానం మబ్బుల్ని చీల్చుకుని మీదికి దూసుకొస్తోంది. మూత తీస్తే బూడిదరంగు ఫ్రేములు, వాటికి అంటుకుని ముక్కలు. కొన్ని బియ్యపు గింజంత.

ఇది ఫిజియో అమ్మాయి ఇచ్చిన సలహా. చేతులకి చిన్నచిన్న పనులు చెప్పమంది. మామయ్యకి పార్కిన్‌సన్స్ అని తెలిసి ఏడాది దాటింది. కుడిచెయ్యి బాగా వణుకుతుంది. జీవితమంతా లిఫ్టులు రిపేరు చేసిన మనిషి ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి గోడవైపు తిరుగుతారు.

ముక్కలన్నీ బల్ల మీద పరిచి మురిసిపోయారు. మనుషుల్ని పైకి తీసుకెళ్ళడమే తన ఉద్యోగం కూడా అన్నారు. కాకపోతే తన లిఫ్టు కిందికి కూడా దించేదట. దీనికి ఆ గ్యారంటీ లేదట.

ఫిబ్రవరి 8

ఇంట్లో ఉండటం నావల్ల కావట్లేదు. మా డెంటల్ ల్యాబ్ మూసేసినప్పటినుంచి ఉదయం లేవగానే చేతులు ఏదో వెతుక్కుంటాయి. పన్నెండేళ్ళు క్రౌన్లు, కట్టుడు పళ్ళు చేసిన చేతులు. ఇప్పుడు మిషన్ స్కాన్ చేస్తుంది, మిషనే చెక్కుతుంది. నా పనిముట్లు డబ్బాలో మూతపెట్టి ఉన్నాయి.

మామయ్య విమానం చేస్తుంటే ఎదురుగా కూర్చుని కూరగాయలు తరుగుతాను. కాపలా కాస్తున్నట్టు కనిపించకూడదు కదా.

ఫిబ్రవరి 11

రెక్కలు అతికించారు. చెయ్యి జారి జిగురు పైకి పొంగింది. దాన్ని బొటనవేలితో తుడవబోయారు. ఆ జిగురు ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కుడి రెక్క మీద వేలిముద్ర గీతలతో సహా దిగిపోయింది. ఆయన చాలాసేపు దానివంకే చూసి, ఈ వయసులో ఇవన్నీ ఎందుకులే అని గొణుక్కుని పడుకోవడానికి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం అక్కడినుంచి కదలాలనిపించలేదు.

మధ్యాహ్నం 3

చేసేశాను. నా డబ్బా తెరిచాను. సన్న ఉప్పుకాగితం తడిపి, నెమ్మదిగా. తర్వాత పాలిష్. ముద్ర పోయింది. రెండు రెక్కలూ అద్దంలా ఉన్నాయి. ఎన్నాళ్ళయిందో నా చేతులు ఇంత హాయిగా ఉండి.

ఫిబ్రవరి 12

చెబుదామనే అనుకున్నాను. నిజం.

మామయ్య పొద్దున్నే రెక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఇటూ అటూ తిప్పారు. తర్వాత నన్ను కేకేశారు. అమ్మాయ్, నిన్న కళ్ళజోడు సరిగ్గా లేదనుకుంటా, ఇది బాగానే వచ్చింది చూడు అన్నారు. ఆ మొహంలో వెలుగు చూశాక నిజం చెప్పలేకపోయాను. అవును మామయ్యా, నిన్నే చెబుదామనుకున్నా, చెయ్యి కుదురుతోంది అన్నాను.

నోటికొచ్చిన మాట. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో!

ఫిబ్రవరి 19

ఇప్పుడు ఇదో పద్ధతి అయిపోయింది. ఉదయం ఆయన అతికిస్తారు. మధ్యాహ్నం మాత్రలు వేసుకున్నాక మత్తుగా పడుకుంటారు. జిగురు పూర్తిగా బిగిసేలోపు నేను విప్పి మళ్ళీ అతికిస్తాను. అంతా తీర్చిదిద్దను. అక్కడక్కడా చిన్న లోపం వదులుతాను, అనుమానం రాకుండా. అబద్ధంలో కూడా పనితనం చూపిస్తున్నాను.

ఫిబ్రవరి 24

మావారు ఈరోజు ప్రింటింగ్ ప్రెస్‌లో పని ముగించుకుని ముందే వచ్చేశారు. తలుపు తీసుకుని వచ్చేసరికి నా చేతిలో విమానం, నోట్లో జిగురు బ్రష్షు. దొరికిపోయాను. ఆయన మామయ్య గది వైపు ఓసారి చూసి, చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగారు. అంతే.

భోజనాల దగ్గర మాత్రం తండ్రితో, నాన్నా తోక భలే కుదిరింది, నా వల్ల కూడా కాదు అన్నారు. నేను పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఇప్పుడు ఇద్దరం.

మార్చి 2

ఈరోజు మామయ్య గడ్డం తనే గీసుకున్నారు. రెండుచోట్ల తెగింది. ఈల వేసుకుంటూ బయటికొచ్చారు.

మార్చి 4

మామయ్యతో కలిసి పనిచేసిన పాత మిత్రుడొకరు వచ్చారు. తోటివాళ్ళందరూ ఆయన్ని లంబూ అంటారు, అంత పొడుగు మనిషి, గుమ్మంలో తల వంచుకుని రావాలి. మామయ్య విమానాన్ని రెండు చేతులతో తెచ్చి ఆయన ముందు పెట్టారు. లంబూగారు వంగి వంగి చూసి, ఒరేయ్ నీ చెయ్యికి ఏ జబ్బూ లేదురా, ఆ డాక్టర్లు నిన్ను ఊరికే తిప్పుకుంటున్నారు అన్నారు. మామయ్య నవ్వుతూ నావైపు చూశారు, సాక్ష్యం చెప్పమన్నట్టు.

నేను టీ తెస్తానని లేచాను.

మార్చి 6

నిజం ఇక్కడైనా రాసుకోవాలి. మొదట జాలితోనే చేశాను. ఇప్పుడు జాలి కాదు. ఆయన ఎప్పుడు నిద్రపోతారా అని చూస్తున్నాను. నిన్న చక్రాల కాళ్ళు ఆయన ఫర్వాలేదనిపించేలానే అతికించారు. అయినా విప్పాను. ఎందుకంటే నేను ఇంకా బాగా చేయగలను.

ఆయన బొమ్మ లాక్కుని ఆడుకుంటున్నాను. అదే నేను చేస్తున్న పని.

మార్చి 7

రెండు రోజులుగా మామయ్య మధ్యాహ్నం పడుకోవట్లేదు. హుషారుగానే ఉన్నారు. కానీ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పడుతోంది. అడిగితే వాతావరణం అన్నారు.

ఆయన పడుకోకపోతే నాకు చేతులు కట్టేసినట్టుగా ఉంది. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ మొదట అనిపించింది మాత్రం అదే.

మార్చి 9

మామయ్య పడిపోయారు.

మెట్ల మీద. లిఫ్టు ఉండగా మెట్లు దిగారు, తనని తాను పరీక్షించుకోవడానికట. మధ్యలో కాలు బిగుసుకుపోయింది. కింది వాటా టైలరుగారు కేక విని వచ్చి ఎత్తారు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. కుడి మణికట్టు విరిగింది. నేనప్పుడు ఇంట్లో ప్రొపెల్లర్ రెక్కలు సానపెడుతున్నాను.

మార్చి 10, హాస్పిటల్లో

డాక్టరమ్మ అడిగితే ఒప్పుకున్నారు. ఐదారు రోజులైందట మాత్రలు మానేసి. వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, మత్తుగా ఉంటోంది, చెయ్యి ఎటూ నయమైపోయింది కదా, ఇంకెందుకు అనుకున్నారట. ఇలాంటివి ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళు కొయ్యబారిపోతుందని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. నయమైందని ఎవరు చెప్పారని అడిగింది.

ఎవరూ చెప్పక్కర్లేదమ్మా, నా పనే చెబుతోంది, మా కోడల్ని అడగండి అన్నారు మామయ్య.

ఆవిడ నావైపు తిరిగింది. మావారు నా మోచెయ్యి పట్టుకున్నారు. నేను సెలైన్ సీసా వైపు చూశాను.

మార్చి 11

చెప్పలేదు.

మార్చి 14

ఇంటికి తీసుకొచ్చాం. చేతికి మోచెయ్యి దాకా కట్టు. వస్తూనే మంచం పక్కన విమానం పెట్టమన్నారు.

మాత్ర ఇస్తే వద్దన్నారు. హాస్పిటల్లో వాళ్ళ పోరు పడలేక మింగారట. పడటానికి మాత్రలకీ సంబంధం లేదు, మెట్ల మీద నీళ్ళున్నాయి అంటున్నారు. మెట్లు పొడిగా ఉన్నాయని టైలరుగారు నాకు చెప్పారు. మావారు బతిమాలారు, కోప్పడ్డారు. మామయ్య ఎడమచేత్తో విమానం చూపించి, వణికే చెయ్యి ఇది చేస్తుందా చెప్పరా అన్నారు. మావారు మాత్రల డబ్బాకి మూత పెట్టారు. జవాబు నా దగ్గర ఉంది.

వంటింట్లోకి వచ్చి, చెప్పేస్తాను అని మావారితో అన్నాను. ఇప్పుడొద్దు, కట్టు విప్పనీ, మనిషి కుంగిపోతాడు అన్నారు. మంచికే కదా చేశావు అని కూడా అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది. మంచికి చేసింది మొదటి రోజు ఒక్కటే.

మార్చి 15

చెప్పాను.

టిఫిన్ అయ్యాక, మంచం పక్కన స్టూలు వేసుకుని. ముందు ఆయన సరిగ్గా వినలేదనుకున్నాను. రెక్క నేను సాపు చేశాను మామయ్యా అంటే, పోనీలే ఒక్క రెక్కే కదా అన్నారు. ఒక్క రెక్క కాదన్నాను. అప్పుడు విమానం అందుకోమన్నారు.

ఒక్కొక్క చోటూ వేలు పెట్టి అడిగారు. తోకా? నేనే. ఈ చక్రాలా? నేనే. ఇంజను మూతా? అతికించింది మీరు, విప్పి మళ్ళీ పెట్టింది నేను. వేలు జరుగుతూనే ఉంది. ఆ వేలు వణుకుతోంది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. ఒకచోట అబద్ధం చెప్పి, ఇది పూర్తిగా మీదే అనాలని ఎంత అనిపించిందో. అనలేదు.

చివరికి, నీకు ఎలా ఉండేది అని అడిగారు. అర్థం కాలేదన్నాను. అది చేస్తున్నప్పుడు, నేను పడుకున్నాక, నీకెలా ఉండేది?

బాగుండేది మామయ్యా అన్నాను. దానికి వేరే జవాబు లేదు.

తల ఊపారు. గోడవైపు చూస్తూ, లంబూగాడికి కూడా చూపించానే అన్నారు. తిట్టినా బాగుండేది.

మార్చి 16

మాత్ర ఇచ్చాను. మింగారు. నావైపు చూడలేదు.

మార్చి 20

మావారు నాతో ముభావంగా ఉన్నారు. మామయ్య ఎవరితోనూ మాట్లాడట్లేదు. పూటపూటకీ మాత్ర వేసుకుంటున్నారు, చెప్పక్కర్లేకుండా. డాక్టరమ్మ ఫోన్లో, అదే ముఖ్యం అంది. కడుపులో తిప్పకుండా మాత్రల వేళలు మార్చింది. ఆ కష్టం ముందే చెప్పుంటే ఎప్పుడో మార్చేదట.

అదే ముఖ్యం. నిజమే. కానీ ఇంట్లో ఈల వినిపించదు.

విమానం పెట్టెలో పెట్టి పైన అటకెక్కించేశాను. దాన్ని చూస్తే చెయ్యి కాలినట్టుంది.

మార్చి 23

పొద్దున్న మామయ్య హాల్లోకొచ్చి, ఏదమ్మా అది అన్నారు. వారం తర్వాత మొదటి మాట. ఏది అని అడగలేదు. స్టూలెక్కి దించాను.

రంగు వేయడం మిగిలింది. నేనే వేసేస్తాను, మీరు చూస్తూ ఉండండి అందామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆయనే మొదలుపెట్టారు. జిగురు మరక పడితే దాన్ని ఎలా తీస్తావు అని అడిగారు. దాచుకుని చేసిందేదో ఎదురుగా కూర్చుని నేర్పు, నాకు ఎడమచెయ్యి ఉందిగా అన్నారు. గొంతులో కోపం తగ్గలేదు. నా పక్కన కూర్చోవద్దు, ఎదురుగా కూర్చో అని కూడా అన్నారు.

మిగిలిన ప్లాస్టిక్ ముక్క మీద చూపించాను. ముందు తడపాలి. నొక్కకూడదు. ఒకే దిక్కుకి రుద్దాలి. కాగితం ఆయనకిచ్చాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మార్చి 25

రంగు వేస్తున్నారు. ఎడమచేత్తో. ఆకుపచ్చ రంగు గీత దాటి విమానం పొట్ట కిందికి కారింది. తుడిచారు. ఇంకా పాడైంది. నావైపు చూశారు. మీ ఇష్టం అన్నాను. బ్రష్షు ఎత్తి, మళ్ళీ దించి, తర్వాత ఒక మాటన్నారు. లిఫ్టు ఆగిపోయినప్పుడు లోపలున్నవాళ్ళు తలుపులు బాదుతారట. వాళ్ళ భయం వాళ్ళది. కానీ బాదినకొద్దీ బయట చేసేవాడికి చెయ్యి ఆడదట.

అంతే అన్నారు. మళ్ళీ రంగులో ముంచారు.

మార్చి 28, మధ్యాహ్నం

మామయ్య పడుకున్నారు. విమానం బల్ల మీద ఆరుతోంది. రంగు ముద్దగట్టి, ఒక రెక్క మీద బ్రష్షు వెంట్రుక అతుక్కుని. దగ్గరికి వెళ్ళాను. వంగి చూశాను. వెంటనే చెప్పులేసుకుని బయటికి నడిచాను.

వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాక గుర్తొచ్చింది, తలుపు దానంతటదే లాక్ పడుతుందని, తాళంచెవి తీసుకోలేదని. బెల్ కొట్టాను. లోపల నెమ్మదిగా అడుగులు. తర్వాత లాకు గడియ. కొంచెం కదులుతోంది, ఆగుతోంది, జారుతోంది. అలా చాలాసేపు. పక్కవాటా ఆవిడ తొంగిచూసి, పిలవమంటావా ఎవర్నైనా అంది.

వద్దన్నాను. తలుపుకి కొంచెం దూరంగా జరిగి నిలబడ్డాను.