పొగ పట్టని రాగి

జూన్ 3, మంగళవారం

మా ఇంట్లో నేను భగ్న ప్రేమికురాలిని. మొహం మీద ఎవరూ అనరు. అడక్కుండానే మారు వడ్డించి నిట్టూరుస్తారు, అంతే.

కారణం, రోజూ బాల్కనీలో కూర్చుని రాగి కోసం పాత వైర్లు ఒలుస్తున్నాను. పిల్ల దిగులుతో తీగలు పీకుతోందే అని అమ్మ ఫోన్లో అక్కకి చెప్పింది. అబ్బాయెవరే అని అక్క అడిగిందట. అబ్బాయి లేడు మొర్రో! చచ్చిన ఇస్త్రీపెట్టె ఉంది, రెండు టేబుల్ ఫ్యాన్లున్నాయి, పక్కింటివాళ్లు పారేసిన చార్జర్లున్నాయి. నాకీ పని సరదాగా ఉంది. డిగ్రీ చదివినదానికి సరదా ఇంటర్వ్యూ అయ్యాకేనట. అది సోమవారం, బాబాయి ఆఫీసులో. పేరుకే ఇంటర్వ్యూ. నా కుర్చీ తుడిపించి కూడా ఉంచాడట.

జూన్ 5

తొక్క మీద బ్లేడుతో నిలువుగా ఒక్క గీటు. లోతుగా దిగితే రాగి తెగుతుంది, పైపైన గీస్తే తొక్క ఊడదు. చెయ్యి కుదిరిందా, తీగ మెరుస్తూ జర్రున బయటికొస్తుంది. బాబాయి ఆఫీసులో అలా వచ్చేది ప్రింటర్లో కాగితం ఒక్కటే.

ప్లగ్గు పిన్నులు ఇత్తడో ఇనుమో తెలియాలంటే అయస్కాంతం పెట్టాలి. ఇనుమైతే అంటుకుంటుంది. ఊరుకోలేక నాన్న ఉత్తమ ఉద్యోగి షీల్డుకీ పెట్టాను. టక్కున అంటుకుంది. నాన్న షీల్డు తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

జూన్ 6

ఇల్లెగిరిపోయేలా అరిచాను. నాన్న మీద, అమ్మ మీద.

జూన్ 7, సాయంత్రం

ఇప్పుడు రాయగలను. నిన్న బయటినుంచి వచ్చేసరికి డాబా మీద నల్లటి పొగ. మిగిలిన వైర్లన్నీ పాత బకెట్లో వేసి తగలబెట్టేశారు. నాన్న మూతికి తువ్వాలు, అమ్మ చేతిలో కర్ర. పై ఫ్లాట్ ఆవిడ దగ్గుతూనే తిడుతోంది. ఎందుకు నాన్నా అంటే, కుప్ప అయిపోతే లేచి నలుగుర్లోకి వస్తావనమ్మా అన్నాడు. ఆ కుర్రాణ్ణి మర్చిపోతావని కూడా, అని అమ్మ అందుకుంది. కోపమూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది.

కాలిన రాగి నల్లబడి పెళుసెక్కింది. పొద్దున కాలిందొకటి, ముందే నేను ఒలిచిందొకటి, రెండు సంచులూ పాత సామాన్ల షాపుకి మోశాను. షాపావిడ మసి సంచి చూసి, ఎవరమ్మా ఈ వంటవాడు అంది. మా నాన్నే అన్నాను. నేను ఒలిచిన రాగి సంచి విప్పగానే మాట ఆపేసి మొగుణ్ణి కేకేసింది, ఇటొచ్చి చూడండి అని. తర్వాత వెనక షెడ్డు తలుపు తీసింది. కప్పు దాకా వైర్లు! ఒలిచిన రాగికే మంచి ధర, కానీ ఒలిచే మనిషి దొరక్క ఇవన్నీ పడున్నాయి, అందరూ కాల్చేవాళ్లే తల్లీ, సోమవారం నుంచి వచ్చి కూర్చుంటావా, నువ్వు కాదంటే ఆ రోజే వేరే మనిషిని పెట్టేస్తాను అంది.

గుండె ఒక్క గెంతు గెంతింది. ప్రేమలో పడితే ఇలాగే ఉంటుందేమో. ఈ మాట అమ్మ చెవిన పడకూడదు.

జూన్ 8

బాబాయి ఫోన్ చేశాడు. టైముకి రావే, నా పరువు తియ్యకు అన్నాడు. చూద్దాంలే బాబాయ్ అని ఫోన్ పెట్టేశాను.

జూన్ 9, ఉదయం

బాబాయికి నేనే ఫోన్ చేశాను. ఇంటర్వ్యూకి రానన్నాను. వైర్లు ఒలిచే పనిలో చేరుతున్నాను.