ఇత్తడి బిళ్ల 877

సెప్టెంబర్ 9, సోమవారం

ఈ రోజు మా హైస్కూల్లో మత్తుమందుల ప్రోగ్రాం. కౌంటీ ఆఫీసు నుంచి ఒకాయన తెర తెచ్చి బొమ్మలు వేశాడు. పుర్రె, సిరంజి, ఏడ్చే తల్లి. ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒక్కరి పేరూ ఆయనకు తెలియదు. ఆఖర్న ‘నేను ముట్టను’ అని అందరిచేతా కార్డుల మీద సంతకాలు పెట్టించాడు.

హాలు ఊడ్చేది నేనే కదా. కుర్చీల కింద నలభై ఒక్క కార్డులు దొరికాయి. నాకు చదువు తక్కువే గానీ, నా మనవరాలి రాత గుర్తుపట్టలేనంత మొద్దును కాను. సంతకం చోట కెండ్రా ఇలా రాసింది: మా నాన్న కూడా ఈ స్కూల్లోనే సంతకం పెట్టాడు.

వాళ్ల నాన్న అంటే నా కొడుకు డ్వేన్. గనిలో నడుం దెబ్బతిని నొప్పి మాత్రలు మొదలుపెట్టాడు, వాటికే బానిసయ్యాడు. పోయి నాలుగేళ్లు. మా ఇంట్లో వాడి మాట ఎత్తం. ఎత్తనివ్వను.

సెప్టెంబర్ 12

ఆ ప్రోగ్రాంను లెక్కలు చెప్పే హాచర్ టీచరమ్మ నెత్తిన పెట్టారు. నేను గది తుడుస్తుంటే, పిల్లల ముందే నన్ను అడిగింది. మల్లిన్స్ గారూ, వీళ్లు ఎందుకు వినరంటారు అని. పేరు తెలియనివాడు చెప్తే నేనూ వినను అన్నాను.

ఊరుకోకుండా నేను పనిచేసిన గని సంగతి కూడా చెప్పాను. దిగే ముందు నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డు మీద మేకుకు తగిలిస్తాం. పైకొచ్చాక తీసుకుంటాం. బిళ్ల మేకుకే ఉందంటే మనిషి లోపలే ఉన్నట్టు. వాడు దొరికేదాకా ఎవడూ ఇంటికి పోడు. ఒకసారి నేను బిళ్ల మరిచిపోయి ఇంటికెళ్లి, చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తింటూ కూర్చున్నాను. అక్కడ ఎనిమిది మంది నాకోసం రాళ్ల మధ్య పాకారు.

వెనక బెంచీ నుంచి ఒకడు, తిట్టారా తాతా అన్నాడు. తిట్లు వారం రోజులు సాగాయి, గింజలు మాత్రం రెండోసారి కూడా వడ్డించుకున్నా అన్నాను. గది గదంతా నవ్వింది. కెండ్రా కూడా.

అక్టోబర్ 3

హాచర్ గదిలో బోర్డు వెలిసింది. చెక్క కోసింది, మేకులు కొట్టింది పిల్లలే. రెండు రోజులు పోట్లాడుకుని నియమాలూ వాళ్లే రాశారు. మనసు బాగోలేనివాళ్లు బిళ్ల తగిలించాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు. తగిలించినవాళ్లు తీసుకునేదాకా టీచరు ఇంటికి పోకూడదు. ఈ చివరిది విని ఆమె, మా ఆయన వంట నేర్చుకుంటాడులే అందట.

బిళ్లలు రేకుతో చేసుకున్నారు. కెండ్రా మాత్రం వాళ్ల నాన్న బిళ్ల కావాలంది. అది ఆటబొమ్మ కాదు, నోరు మూసుకో అన్నాను.

అక్టోబర్ 4

సొరుగులో దాచిన డ్వేన్ బిళ్ల, 877, లేదు. సొరుగు మూసి పనికెళ్లాను.

నవంబర్ 5

ఎన్ని సంతకాలయ్యాయని కౌంటీ ఆఫీసు నుంచి వచ్చి అడిగారు. సంతకాలు లేవు, నిన్న ఆఖరి బిళ్ల తీశాక ఆరున్నరకు ఇంటికెళ్లాను, అది రాసుకోండి అంది హాచర్. ముఖం మాడ్చుకుని పోయారు. ఇప్పుడు అన్నిటికంటే ముందు ఆమె గది చెత్తబుట్టే ఖాళీ చేస్తున్నాను.

నవంబర్ 22, శుక్రవారం

నాలుగింటికి తుడుపుకర్రతో వెళ్లాను. బోర్డు మీద ఒక్కటే బిళ్ల. 877.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కెండ్రా నాకు వీపు పెట్టి కూర్చుంది. టీచరు పేపర్లు దిద్దుకుంటోంది. చాలాసేపటికి పిల్ల కోటు జేబులోంచి రెండు మాత్రలు తీసి బల్ల మీద పెట్టింది. బస్సులో ఒక అమ్మాయి ఇచ్చిందట. తొమ్మిది రోజులుగా జేబులోనే ఉన్నాయట. వేసుకోలేదు, పారేయనూ లేదు అంది. నాన్నవీ ఈ రంగే అంది.

టీచరు అరవలేదు. నాకు చెప్పావు, మంచి పని చేశావు, ఇప్పుడు నర్సును పిలుస్తాను, నీ పక్కనే ఉంటాను అంది.

అప్పుడు కెండ్రా అంది, తాతకు తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తాడు అని.

ముప్పై ఒక్కేళ్లు గనిలో ఉన్నాను. పైకప్పు విరిగే చప్పుడు నాకు తెలుసు. లోపలికి వెళ్లి, ఆకలేస్తోందా అమ్మా అన్నాను.

నర్సుతో పని అయ్యాక, పిల్ల తనే బిళ్ల తీసుకుంది. దారిలో ట్రక్కులో అడిగింది. నాన్న ఎప్పుడైనా ఎవరికైనా చెప్పాడా తాతా అని. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

నవంబర్ 24

చెప్పాడు. నాకే చెప్పాడు. మగాడిలా ఉండరా అన్నాను.

నవంబర్ 25

ఈ రోజు బడి వదిలాక నా గని బిళ్ల 412 బోర్డుకు తగిలించాను. హాచర్ టీచరమ్మ వేసుకున్న కోటు విప్పేసి కూర్చుంది. కెండ్రా కూడా బస్సు ఎక్కకుండా ఉండిపోయింది.